మనవాళ్ళ బ్యాగు

కుక్క మొరగలేదు. కూర్చుంది.

ప్రమాదం మా సీటు దాకా వచ్చిందని నాకు తెలిసింది ఆ క్షణంలోనే. హనుమాన్ జంక్షన్ దాటాక టోల్ గేటు దగ్గర పోలీసులు మా బస్సును పక్కకి తీయించి, కుక్కతో సహా ఎక్కారు. అది సీట్ల మధ్య సందులో మూతి నేలకి ఆనించి వచ్చింది. ముందు వరసల్లోని చెప్పులు, టిఫిన్ క్యారియర్లు, ఒకావిడ ఒళ్ళో ఉన్న పూల సంచి వాసన చూసి వదిలేసింది. మా వరస దగ్గరకొచ్చి, మా అమ్మాయి కాళ్ళ కింద ఉన్న నల్ల బ్యాగుకి మూతి ఆనించి, తాడు పట్టుకున్నతని ముఖంలోకి ఒకసారి చూసి, బుద్ధిగా కూర్చుంది.

నా ఒళ్ళో ఉన్న మా అబ్బాయికి అది భలే నచ్చింది. "అమ్మా, కూర్చోమనకుండానే కూర్చుంది చూడు!" అన్నాడు.

తాడు పట్టుకున్నతను నవ్వలేదు. వెనక నిలబడ్డ ఎస్సై వైపు తల తిప్పాడు. బస్సులో అప్పటిదాకా ఉన్న గోల ఆగిపోయింది.

"ఈ బ్యాగు ఎవరిది?" అని అడిగింది ఎస్సై. ఆడ ఎస్సై, వయసులో నాకంటే చిన్నదే అయ్యుంటుంది.

"మనవాళ్ళదేనండి," అన్నాను.

పిల్లలు పడుకున్నాక వంటింటి దీపం కింద కూర్చుని ఇది రాస్తుంటే, ఆ ఒక్క మాట దగ్గర ఇప్పటికీ నా చెయ్యి ఆగిపోతోంది. ఎందుకన్నాను? తెలియదు అనొచ్చు. మాది కాదు అనొచ్చు. నాకు ఆ రెండూ తోచలేదు. అంతకుముందు రెండు మూడు గంటలుగా, ఆ బ్యాగు పెట్టుకుని నా పక్కన కూర్చున్నావిడ మనవాళ్ళే మరి.

రాజమండ్రిలో మా పిన్నికి ఆపరేషన్ అయితే చూసి, పిల్లలతో విజయవాడ తిరిగొస్తున్నాను. ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి బస్సు కిక్కిరిసి ఉంది. ముగ్గురు కూర్చునే సీట్లో కిటికీ పక్కన మూడో తరగతి చదివే మా అమ్మాయి, మధ్యలో నేను, నా ఒళ్ళో యూకేజీ చదివే మా వాడు. చివర ఆవిడ వచ్చి కూర్చుంది. యాభై దాటిన మనిషి. నేత చీర, చేతికి మట్టిగాజులు, నుదుట పెద్ద బొట్టు. బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుని, "ఏమనుకోకమ్మా, లోపల ఎండు రొయ్యలున్నాయి, కొంచెం వాసనొస్తాయి," అంది. గోదావరి నుంచి వచ్చేవాళ్ళ బ్యాగులో ఎండు రొయ్యలుంటే ఎవరేమనుకుంటారు?

నాకు భయాలు ఎక్కువ. మా ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లల చొక్కాల లోపలి పట్టీ మీద మా ఆయన ఫోన్ నంబరు రాస్తాను. బస్టాండ్‌లో ఇద్దరి చేతులూ నా కొంగుతో చుట్టి పట్టుకుంటాను. బయట నీళ్ళు తాగనివ్వను. కిటికీలోంచి చెయ్యి పెడితే అరుస్తాను. ఆవిడ ఇదంతా కాసేపు చూసి, "పిల్లల్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నావమ్మా, ఈ రోజుల్లో ఎవరుంటారిలా," అంది. ఆ మాట నాకు మా అత్తగారి నోట కూడా ఎప్పుడూ వినపడలేదు. కరిగిపోయాను.

ఆ తర్వాత మామూలే. మా కృష్ణా జిల్లాలో ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చుంటే జరిగేదే జరిగింది.

"ఏ ఊరమ్మా మీది?"

"గుడివాడ దగ్గరండి. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాం."

"అయ్యో, మా అమ్మమ్మ వాళ్ళదీ అటే! ఇంటిపేరేంటో?"

చెప్పాను.

"ఇంకేం, మనవాళ్ళే! ఆ ఇంటిపేరోళ్ళకే మా మేనత్తనిచ్చారు. నాకు కూతురి వరసవుతావు నువ్వు." పిల్లల వైపు వంగి, "నేను మీకు అమ్మమ్మనవుతానర్రా, కానీ నన్ను ముసలిదాన్ని చెయ్యకండి, పెద్దమ్మా అనండి చాలు," అని నవ్వింది.

పిల్లలు నా ముఖం వైపు చూశారు. "పెద్దమ్మ అనండి," అన్నాను.

రావులపాలెం దాటేసరికి మా అమ్మాయికి జడ విప్పి మళ్ళీ అల్లింది. తణుకులో మా వాడికి వేయించిన వేరుశనక్కాయలు కొనిపెట్టింది. బయటివి తిననివ్వని నేను ఊరుకున్నాను. కిటికీ పక్కన మా అమ్మాయి కాళ్ళు నేలకి అందక వేలాడుతుంటే, "పాపం నొప్పెడతాయి, దీని మీద పెట్టుకో తల్లీ," అని ఆ బ్యాగును పాప కాళ్ళ కిందకి తోసింది. ఏలూరు దగ్గర నా ఫోన్ నంబరు అడిగింది. ఆవిడ ఫోన్లో నొక్కుకుంటుంటే అంకె అంకె చెప్పాను. "గుడివాడ వస్తే మీ అమ్మనొకసారి చూసొస్తాను," అంది.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగింది. "మా మరిది ఇక్కడ మందుల కవరొకటి ఇస్తానన్నాడమ్మా, ఇలా వెళ్ళి అలా వస్తా. బస్సు కదిలితే ఆపించు," అని దిగింది.

బస్సు కదిలింది. నేను లేచి నిలబడి అరిచాను. "ఆపండి, ఆపండి! మావాళ్ళొకళ్ళు దిగారు!"

"టైమైపోతోందమ్మా," అన్నాడు కండక్టరు.

"పెద్దావిడండీ, వదిలేసి ఎలా వెళ్తారు? మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?" అని దెబ్బలాడాను. బస్సంతా నా వైపే చూసింది. ఆయన విసుక్కుంటూ ఇంకో ఐదు నిమిషాలు ఆపాడు. ఆవిడ రాలేదు. "వెనక బస్సులో వస్తారు లేండి, బ్యాగు బస్టాండ్‌లో దించుకోండి," అని విజిలేశాడు. సరే, బస్టాండ్‌లో కూర్చుని ఆవిడ వచ్చేదాకా చూసి ఇచ్చి వెళ్దాం అనుకున్నాను. పెద్దావిడ కంగారు పడుతుందేమో అనే నా బాధంతా.

తర్వాత టోల్ గేటు వచ్చింది. కుక్క కూర్చుంది.

"మనవాళ్ళంటే ఎవరు?" అని అడిగింది ఎస్సై.

"మా... మా చుట్టాలావిడండి."

"పేరు?"

నోరు తెరిచాను. అప్పుడు తెలిసింది, నాకు ఆవిడ పేరు తెలియదని. ఆవిడకి నా పేరు తెలుసు, మా అమ్మ పేరు తెలుసు, మా ఆయన ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు నడుపుతాడని తెలుసు, పిల్లలు ఏ బడికి వెళ్తారో తెలుసు. నాకు ఆవిడ ఊరు కూడా తెలియదు. "అటే" అంది, అంతే.

"అది మా పెద్దమ్మదండీ," అన్నాడు మా వాడు, నేను ఇబ్బంది పడుతున్నానని సాయం చేస్తూ.

ఎస్సై వాడి వైపు, నా వైపు చూసింది. "దిగండమ్మా. పిల్లల్ని కూడా తీసుకోండి."

టోల్ గేటు పక్కన రేకుల షెడ్డులో పోలీసుల బల్ల ఉంది. సాక్ష్యం కోసం మధ్యవర్తులుగా ఇద్దరు ఉద్యోగుల్ని పిలిపించి వాళ్ళ ఎదుట బ్యాగు తెరిచారు. పైన చీరలు. చీరల కింద నిజంగానే ఎండు రొయ్యల ప్యాకెట్టు. కుక్క దాని వైపు మెడ చాచింది. "నీక్కాదురా అది," అన్నాడు తాడు పట్టుకున్నతను. రొయ్యల కింద ఇటుకల్లా పేర్చిన పొట్లాలు, గోధుమరంగు టేపు చుట్టి ఉన్నాయి. ఒకదాన్ని కోశారు. పచ్చిగా, ఘాటుగా, ఎండుగడ్డి కుళ్ళినట్టు ఒక వాసన. మా అమ్మాయి ముక్కు మూసుకుంది. తాడేపల్లిగూడెం నుంచి దాని కాళ్ళు ఆ పొట్లాల మీదే ఉన్నాయి.

నేను డిగ్రీ చదివాను. రోజూ పేపరు చదువుతాను. గంజాయి పట్టివేత అన్న వార్త లేని రోజు ఉండదు. ముఖాలకి గుడ్డలు కప్పి నిలబెట్టిన మనుషులు, ముందు వరసగా పొట్లాలు, వెనక పోలీసులు. ఆ ఫొటోలు చూసి పేజీ తిప్పేసేదాన్ని. ఆ గుడ్డ కింద ఉండేది ఎలాంటి మనిషో ఒక్కసారైనా అనుకోలేదు.

"అమ్మా, వినండి," అంది ఎస్సై. అప్పటిదాకా ఉన్న గొంతు మారింది. "మీ ఒంటి మీద సోదా చెయ్యాల్సొస్తే, మేజిస్ట్రేట్ ఎదుట గానీ గెజిటెడ్ ఆఫీసర్ ఎదుట గానీ చేయించుకునే హక్కు మీకుంది. ఆడవాళ్ళే చేస్తారు." హక్కు అన్న మాట వింటే ధైర్యం రావాలి. నేను పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కున్నాను. నాకు హక్కులు చెప్తున్నారంటే నన్ను ఆ ఫొటోలో నిలబెట్టడానికి సిద్ధమయ్యారన్నమాట.

పొట్లాల్ని కాటా మీద పెట్టారు. కూరగాయల కొట్లో ఉండేలాంటిదే, అంకెలు ఎర్రగా వెలిగే కాటా. మా వాడు బళ్ళో కొత్తగా అంకెలు నేర్చుకున్నాడు. "తొమ్మిది, అమ్మా! తొమ్మిది!" అని అందరికీ వినపడేలా చదివాడు. ఎవరూ మెచ్చుకోకపోయేసరికి నా వెనక దాక్కున్నాడు.

"కిలో లోపైతే ఒక లెక్క. ఇరవై కిలోలు అంతకు మించితే ఇంకో లెక్క, దానికి బెయిలు కూడా కష్టం. ఇది మధ్యలోది," అన్నాడు పక్కనున్న కానిస్టేబులు, నేనడగకుండానే.

"మధ్యలోదంటే ఏంటండి?"

"పదేళ్ళ దాకా పడొచ్చమ్మా."

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. పది కలిపాను. పద్దెనిమిది. మా వాడికి పదిహేను. గడ్డం కింద నూగు మొలుస్తుంది. వాడి పుట్టినరోజులకి ఎవరు కేకు కోయిస్తారని ఆలోచించాను. ఆ షెడ్డులో నిలబడి నేను ఆలోచించింది నిజంగా అదే.

"నేను అమ్మలేదండి. కొనలేదు. అదేంటో కూడా నాకు తెలీదు," అన్నాను.

"మోసుకొచ్చారు కదమ్మా," అంది ఎస్సై. కోపంగా అనలేదు. "అమ్మడం, కొనడం, దగ్గర పెట్టుకోవడం, ఒకచోట్నుంచి ఇంకోచోటికి తేవడం, చట్టంలో అన్నీ ఒకే వరసలో ఉంటాయి. తెలిసి తెచ్చారా, తెలియక తెచ్చారా అన్నదే మిగిలింది. తెలీదని మీరంటున్నారు. మనవాళ్ళదని కూడా మీరే అన్నారు."

కండక్టర్ని పిలిచి అడిగింది. ఆయన నా ముఖం చూడకుండా చెప్పాడు. "ఈవిడే అండి బస్సాపించింది. మావాళ్ళొకళ్ళు దిగారని అరిచింది. నేను టైమైపోతోందంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అని నన్నే తిట్టింది." అబద్ధం ఒక్కటీ లేదు అందులో.

"ఆవిడ ఫోన్ నంబరుందా మీ దగ్గర?"

"ఆవిడే నాది తీసుకుందండి."

"మిస్డ్ కాల్ ఇచ్చిందా?"

ఇవ్వలేదు. అందరం ఇస్తాం. నంబరు తీసుకోగానే మిస్డ్ కాల్ ఇచ్చి, ఇది నాది, సేవ్ చేసుకోండి అంటాం. ఆవిడ ఇవ్వలేదు, నాకు తోచలేదు.

బస్సులో వాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు. కొందరు ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. "చూడ్డానికి ఎంత బుద్ధిమంతురాల్లా ఉంది," అన్న గొంతు నాకు స్పష్టంగా వినపడింది. "పిల్లల్ని కూడా వాడుకుంటున్నారండీ." నా కొంగు తీసి పిల్లల ముఖాలకి అడ్డం పెట్టాను. పెట్టాక, పేపర్లో ఆ గుడ్డలు గుర్తొచ్చి చటుక్కున తీసేశాను.

అప్పుడు బస్సు మెట్ల దగ్గర గొడవ వినిపించింది.

"నీకెందుకే? గృహప్రవేశానికి వెళ్ళాలా, కోర్టుకి వెళ్ళాలా?" అని మగ గొంతు.

"మీరు పట్టండి ఆ పూతరేకుల పెట్టె," అని ఆడ గొంతు.

పట్టుచీర కట్టుకున్న లావుపాటావిడ ఒకామె దిగి నేరుగా షెడ్డులోకి వచ్చింది. మా వెనక సీట్లో కూర్చున్నావిడ. భర్త పెట్టె పట్టుకుని వెనకే వచ్చాడు.

"ఇదిగో ఎస్సై గారూ, ఈ పిల్ల తెలివితక్కువ దద్దమ్మే గానీ దొంగ కాదు," అంది.

"మీకెలా తెలుసు?"

"వెనకే గదా నేను కూర్చుంది. రాజమండ్రి నించి వింటూనే ఉన్నా."

"దీనికి ఎదుటోళ్ళ మాటలు వినే అలవాటండి," అన్నాడు భర్త.

"వినపడితే ఏం చెయ్యమంటారు, చెవుల్లో దూది పెట్టుకోమంటారా? వినండమ్మా. ముందు ఈ పిల్లే ఊరు చెప్పింది. తర్వాత ఆవిడ, మాదీ అటే అంది. ఈ పిల్లే ఇంటిపేరు చెప్పింది. అప్పుడు ఆవిడ, వాళ్ళకే మా మేనత్తనిచ్చారంది. ఎవరికిచ్చారండీ అని ఈ పిల్ల అడిగింది కూడా. పెద్దాయన పోయార్లే అని మాట దాటేసింది. ఒక్క మనిషి పేరు, ఒక్క ఊరి పేరు ఆవిడ నోట్లోంచి వస్తే ఒట్టు. చుట్టరికం కలిపేటప్పుడు పేర్లు చెప్పకుండా ఎవరు కలుపుతారు? నేనప్పుడే అనుకున్నా, ఇదేం చుట్టరికమా అని."

"అప్పుడే చెప్పకపోయారా మరి?"

"ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరితే ఏం బాగుంటుందండీ?" అందావిడ, నిజంగా ఆశ్చర్యపోతూ.

ఎస్సై కలం కింద పెట్టింది. అప్పుడే నా ఫోను మోగింది. తెలియని నంబరు. ఎస్సై చేత్తో సైగ చేసింది, మాట్లాడండి, స్పీకర్లో పెట్టండి అని.

"అక్కా, బ్యాగు జాగ్రత్తగా ఉందా?" కుర్ర గొంతు. ఎంతో మర్యాదగా ఉంది. "మా అత్త హనుమాన్ జంక్షన్‌లో ఉండిపోయిందంటక్కా. నేను బస్టాండ్‌లోనే ఉన్నా. మీరు పిల్లల్తో ఇబ్బంది పడొద్దు, నేనొచ్చి తీసుకుంటా. ఎంత దాకా వచ్చారు?"

ఎస్సై పెదాలతో చెప్పమన్నది చెప్పాను. "గన్నవరం దగ్గరికొచ్చాం బాబూ." బాబూ అని నాకు తెలియకుండానే వచ్చింది. ఎస్సై వెంటనే బస్టాండ్‌లో ఉన్న పోలీసులకి ఫోన్ చేసి ఆ కుర్రాడి సంగతి చెప్పింది.

ఫోన్ పెట్టేశాక అర్థమైంది. ఆవిడకి ఏదో అడ్డం వచ్చి ఆగిపోలేదు. టోల్ గేటు దగ్గర సోదా ఉంటుందని తెలిసే, దానికి ముందు స్టేజీలో దిగిపోయింది. పట్టుబడితే నేను. పట్టుబడకపోతే ఆ కుర్రాడు. కుక్క ఎక్కకపోయి ఉంటే నేను ఆ బ్యాగును బస్టాండ్‌లో వాడి చేతిలో పెట్టి, మీ అత్తయ్యని అడిగానని చెప్పు బాబూ అని ఇంటికొచ్చేదాన్ని. వేరుశనక్కాయలు, జడ, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకుంటున్నావన్న మెప్పు, అన్నీ ఆ బ్యాగు నాచేత మోయించడానికే.

మా ఆయన షాపు మూసి బండి మీద వచ్చాడు. ముందు "పిల్లలేరీ?" అన్నాడు. వాళ్ళు పట్టుచీరావిడ పక్కన కూర్చుని పూతరేకులు తింటున్నారు. తర్వాత నన్నడిగాడు, "అసలు బ్యాగెవరిదంటే ఏం చెప్పావు?"

"మనవాళ్ళదన్నాను."

బెంచీ మీద కూలబడ్డాడు. "నీ మనవాళ్ళు మండిపోనూ," అన్నాడు. అని, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

జంక్షన్‌లో కెమెరా ఉందట. ఆవిడ దిగగానే ఎదురుగా ఉన్న బండెక్కి వెళ్ళిపోవడం అందులో కనపడిందని ఫోనొచ్చింది. నా వాంగ్మూలం తీసుకున్నారు, పట్టుచీరావిడదీ తీసుకున్నారు. "సాక్షిగా పిలుస్తాం, రావాలి. ఇద్దరూ," అంది ఎస్సై. నేను లేచేటప్పుడు మాత్రం, "ఆ పట్టుచీరావిడ బస్సు దిగి రాకపోయి ఉంటే ఈ రాత్రి మిమ్మల్ని ఇంటికి పంపడం నాకు కష్టమయ్యేదమ్మా," అంది. పట్టుచీరావిడకి దండం పెట్టబోతే, "ఊరుకో, ముందు ఆ పిల్లలకి అన్నం పెట్టు," అని భర్తని కేకేసుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ పేరు మాత్రం అడిగి తెలుసుకున్నాను.

ఇంటికొచ్చాక ఆ చట్టం గురించి ఫోన్లో వెతికి చదివాను. ఎస్సై చెప్పిందంతా నిజమే. వస్తువు ఎవరి దగ్గర దొరికితే, తెలిసే పెట్టుకున్నారని కోర్టు ముందుగా అనుకుంటుందట. కాదని మనమే చూపించుకోవాలట. నేను ఇన్నేళ్ళూ, తప్పు చేశానని వాళ్ళే నిరూపించాలి కదా అన్న ధైర్యంతో బతికాను. ఎవరైనా మా బ్యాగు చూస్తూ ఉండండి అంటే చూశాను, పట్టుకోండి అంటే పట్టుకున్నాను. ఎన్ని రైళ్ళలో, ఎన్ని బస్టాండ్లలో! వాటిలో ఏముందో ఇప్పుడెవరు చెప్తారు?

ఇవాళ పొద్దున్న మా అమ్మాయి మామూలుగానే లేచింది. మా వాడు మంచం దిగలేదు. దుప్పటి ముసుగు తీస్తే, మెలకువగానే ఉన్నాడు.

"నేను పెద్దమ్మది అని చెప్పినందుకే పోలీసులు నిన్ను దింపారా?" అన్నాడు.

రాత్రంతా వాళ్ళకి ఏమేం చెప్పాలో వరసగా అనుకున్నాను. ఎవరితోనూ మాట్లాడొద్దు, ఎవరూ పెట్టింది తినొద్దు, ఎవరినీ నమ్మొద్దు. వాడి ముఖం చూశాక అవేవీ నోటికి రాలేదు. ఇద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టుకున్నాను.

"కాదు నాన్నా. నీకు తెలిసింది నువ్వు చెప్పావు. తెలియంది తెలిసినట్టు చెప్పింది నేను," అన్నాను. "పెద్దవాళ్ళు కనపడితే పెద్దమ్మా అనండి, మామయ్యా అనండి, తాతయ్యా అనండి. తప్పు లేదు, అలాగే పిలవాలి. బ్యాగు ఎవరిదని అడిగితే మాత్రం, మాదైతేనే మాదనండి. కాకపోతే తెలియదండీ అనండి. పెద్దమ్మ పక్కనే కూర్చుని ఉన్నా సరే."